అనిమే, మాంగాల్లో అమెరికావాడి ముక్కు ఎందుకంత పొడవు?

1. పొన్నచెట్టు

మిత్రులకు నమస్కారం. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన ‘పోర్కో రోస్సో’ (1992) చిత్రాన్ని చాలా ఏళ్ల తరువాత మొన్న మళ్లీ చూశాను. చిన్నతనంలో చూసినప్పుడు పంది ముఖం గల ఆ విమాన చోదకుడి మీదే ధ్యాసంతా ఉండేది. ఈసారి అతనికి పోటీగా వచ్చే డొనాల్డ్ కర్టిస్ మీద చూపు నిలిచింది. ఏడ్రియాటిక్ తీరానికి దిగుమతి అయిన ఈ అమెరికా అందగాడు చూసిన ప్రతి అమ్మాయితోనూ ప్రేమలో పడతాడు, తన గొప్పలు తానే చెప్పుకొంటాడు, హాలీవుడ్‌లో నటుడినై ఆపైన దేశాధ్యక్షుడిని కూడా అవుతానంటాడు. కథాకాలం రెండు ప్రపంచ యుద్ధాల నడుమది, చిత్రం విడుదలైంది మాత్రం, హాలీవుడ్ నటుడిగా ఉండి అమెరికా అధ్యక్షుడైన రీగన్ పదవి దిగిన మూడేళ్లకు. కాబట్టి ఆ మాటకు జపాన్ ప్రేక్షకులు ఎందుకు నవ్వి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు.

అప్పటి నుంచి అనిమేల్లో (జపాన్ యానిమేషన్ చిత్రాల్లో), మాంగాల్లో (జపాన్ బొమ్మల కథల్లో) నాకు తెలిసిన అమెరికా పాత్రలన్నింటినీ మనసులో వరుసగా నిలబెట్టి చూసుకుంటున్నాను. ఎత్తైన మనిషి, వెడల్పాటి దవడ, పెద్ద ముక్కు, అవసరం లేని చోట కూడా గట్టిగా వినిపించే గొంతు, రోమన్ పెద్దక్షరాల్లో పేజీ అడ్డంగా రాసిన ‘హహహ’ నవ్వు, చేతిలో హాంబర్గర్, పక్కవాడి భుజం మీద అడగకుండా పడే చెయ్యి. దేశాలనే మనుషులుగా గీసిన ‘హెటాలియా’లో అమెరికా పాత్ర నోటినిండా తిండి పెట్టుకుని ‘నేనే హీరోని’ అని ప్రకటించుకుంటూ, చుట్టూ ఉన్నవారి మనసు గ్రహించలేనివాడుగా కనిపిస్తాడు. జపాన్‌లో ‘గాలిని చదవలేనివాడు’ అనడం చిన్న నింద కాదు.

నా సందేహం ఇది. ఈ చిత్రణ ద్వేషమా, చనువుతో కూడిన వెక్కిరింతా, లేక యుద్ధం నుంచీ, ఆ తరువాత జపాన్‌లో సాగిన అమెరికా ఆక్రమణ కాలం నుంచీ మిగిలిన జ్ఞాపకమా? ‘అన్నీ కొంచెం కొంచెం’ అనే సమాధానం నాకు తెలుసు కనుక, దయచేసి ఫలానా పాత్ర, ఫలానా కాలం అని పట్టుకుని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.

2. లిపిప్రియ

పొన్నచెట్టు గారూ, మీరు రూపం గురించి చెప్పారు కనుక నేను మాట గురించి చెబుతాను. ఉపశీర్షికలతో చూసేవారికి సగం హాస్యం చేరదు.

జపనీస్‌లో వాక్యం చివర వచ్చే ‘దెసు’ అనే మాటను సాగదీసి ‘దే...సు’ అని పలికిస్తే చాలు, ఆ పాత్ర అమెరికావాడని వినేవారికి తెలిసిపోతుంది. రాతలో అయితే ఆ మాటను మామూలు హిరగానాలో కాకుండా, పరభాషా పదాలకు వాడే కతకానా లిపిలో అచ్చు వేస్తారు. కార్డుల ఆట చుట్టూ నడిచే ‘యూ-గి-ఓ’లోని పెగసస్ జె. క్రాఫర్డ్ ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. కోట్లకు పడగెత్తిన ఆ అమెరికా వ్యాపారి కథలో భయంకరమైన ప్రతినాయకుడే అయినా, జపనీస్‌లో అతను నోరు తెరిస్తే ముందు నవ్వు వస్తుంది. ఆంగ్ల అనువాదంలో అందరూ ఆంగ్లమే మాట్లాడతారు కాబట్టి ఆ వెక్కిరింత మొత్తం ఆవిరైపోతుంది. తమను గురించి వేసిన హాస్యోక్తి తమ భాషలోకి వచ్చేసరికి మాయం కావడం అమెరికా పిల్లల అదృష్టమో దురదృష్టమో చెప్పలేను. అదే కథలో అమెరికా జెండా గుడ్డను తలకు చుట్టుకున్న కీత్ అనే జూదరి మోసగాడు.

ఇది మనకు కొత్త విద్య కాదు. మన నాటకాల్లో తెల్లదొర వేషం కట్టినవాడు తకారాలన్నింటినీ టకారాలుగా పలికితే మన తాతలు పొట్ట పట్టుకుని నవ్వలేదా?

ఒక చిన్న చేర్పు. 1962లో మొదలైన ‘ఒసొమాత్సు-కున్’లో ఇయామి అనే జపాన్ పాత్ర ఫ్రాన్స్ నుంచి తిరిగి వచ్చానని డాబు చెప్పుకొంటూ తనను తాను ‘మీ’ అనే ఆంగ్లపు మాటతో చెప్పుకొంటాడు. అంటే ఈ ఎగతాళి తెల్లవాడికే పరిమితం కాదు, తెల్లవాడిలా ఉండాలని తాపత్రయపడే సొంతవాడికి కూడా వర్తిస్తుంది. అలాంటివాడిని జపాన్‌లో ‘వెన్న కంపు కొడుతున్నాడు’ అంటారు. ‘యాంకీ’ అనే మాట కూడా అక్కడ అమెరికావాడిని సూచించడం కంటే, జుట్టుకు రంగు వేసుకుని వీధుల్లో తిరిగే స్థానిక పోకిరీని సూచించడమే ఎక్కువ.

3. పాతకాగితం

ఈ చర్చ 1945 దగ్గర మొదలు కాకూడదని నా మనవి.

1853లో అమెరికా నౌకాదళపు కమొడోర్ పెర్రీ నల్ల ఓడలతో ఉరాగా రేవు ముందుకు వచ్చినప్పుడు, కొయ్య అచ్చులతో ముద్రించి వీధుల్లో అమ్మే ఒంటి రేకు వార్తాపత్రాలు అతని ముఖాన్ని జపాన్ ప్రజలకు చూపించాయి. అతన్ని కళ్లారా చూసే అవకాశం ఆ చిత్రకారుల్లో చాలామందికి లేదు. తమ పురాణకథల్లోని పొడవు ముక్కు కొండదయ్యం ‘తెంగు’ వారికి బాగా తెలుసు కనుక పెర్రీకి ఆ ముక్కే అతికించారు. కొన్ని చిత్రాల్లో కళ్లు పైకి చీరి, గడ్డం మంటలా లేచి ఉంటుంది. ముక్కు సంగతి అడిగారు కనుక, దానికి కనీసం నూట డెబ్భై ఏళ్ల వయసు ఉన్నదని చెప్పడానికే ఇంత దూరం వెళ్లాను.

సినిమా బొమ్మలకు వస్తే, 1934లో తీసిన ఒక చిన్న యానిమేషన్ చిత్రంలో మిక్కీ మౌస్‌ను పోలిన ఎలుక గబ్బిలం మీద ఎక్కి వచ్చి ఒక ప్రశాంతమైన ద్వీపం మీద దాడి చేస్తుంది. బొమ్మల పుస్తకంలోంచి మొమొతారో తదితర జానపద వీరులు లేచి వచ్చి దాన్ని తరిమేస్తారు. పెర్ల్ హార్బర్‌కు ఏడేళ్ల ముందే అమెరికాను ఒక కార్టూన్ ఎలుకగా ఊహించుకున్నారన్నమాట. ఇక 1943లో జపాన్ నౌకాదళం ప్రోద్బలంతో మిత్సుయో సెయో తీసిన ‘మొమొతారో సముద్ర గద్దలు’ 37 నిమిషాల చిత్రం. అందులో రాక్షసుల దీవి పేరుతో చూపించినది పెర్ల్ హార్బరే. ఆ దాడిలో తాగిన మత్తులో తూలుతూ, ఏడుస్తూ పారిపోయే లావుపాటి నావికుడు ఎవరో కాదు, అమెరికా కార్టూన్లలో పోపైకి ప్రత్యర్థి అయిన బ్లూటో. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉంది. అంతకు ముందు ఏడాదే అమెరికావారు అదే పోపై చేత జపాన్ నావికులను చితకబాదించే కార్టూన్ తీశారు. అందులో జపాన్‌వారికి కళ్లజోళ్లు, ముందుకు పొడుచుకు వచ్చిన పళ్లు. రెండు దేశాలు ఒకే బొమ్మల పెట్టె నుంచి ఆయుధాలు తీసుకుని కొట్టుకున్నాయి.

1945 ఏప్రిల్‌లో విడుదలైన ‘మొమొతారో సముద్ర దైవసైనికులు’లో శత్రువులు తల మీద కొమ్ములు మొలిచిన తెల్లవారు. వారు ఆంగ్లంలో తడబడుతూ లొంగిపోతారు. సింగపూర్‌లో బ్రిటిష్‌వారు లొంగిపోయిన సన్నివేశాన్ని అనుకరించినది కనుక వారిని అమెరికావారని అనలేము. చివరి దృశ్యంలో మాత్రం పిల్లలు నేల మీద గీసిన అమెరికా పటంపైకి పారాచూట్ సైనికుల్లా దూకే ఆట ఆడుకుంటారు. బాంబుల వాన నడుమ ఒసాకాలో ఆ చిత్రాన్ని చూసి చలించిపోయిన కుర్రవాళ్లలో, తరువాత మాంగాకు పెద్దదిక్కయిన ఒసాము తెజుకా ఒకడు.

ఆ కాలపు నినాదం ‘కిచికు బేఎయ్’, అంటే రాక్షస పశువులైన అమెరికా, బ్రిటన్‌లు. అంతటి రాక్షసుడు 1945 ఆగస్టు తరువాత జీపులో వచ్చి పిల్లలకు చాక్లెట్లు, చూయింగ్ గమ్ పంచాడు. ఆ రాక్షసుడి చేతి నుంచి చాక్లెట్ తీసుకుని తిన్న తరమే పెరిగి పెద్దదై మాంగా గీసింది. పొన్నచెట్టు గారు అడిగిన ద్వేషమా చనువా అనే ప్రశ్నకు నేను వెతికే చోటు ఆ చాక్లెట్.

4. కుస్తీగోదా

పాతకాగితం గారు చెప్పిన దానికి తరువాతి అంకం కుస్తీ. ఆక్రమణ 1952లో ముగిసింది. 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్ అనే మల్లుడు షార్ప్ సోదరులనే ఇద్దరు అమెరికా దిగ్గజాలతో తలపడ్డాడు. ఇళ్లలో టీవీలు లేని రోజులు కావడంతో జనం కూడళ్లలో పెట్టిన టీవీల ముందు కిక్కిరిసి నిలబడి చూశారు. నియమాలు తప్పే భారీ విదేశీయుడు, మొదట ఓర్చుకుని చివరకు చేతి అంచుతో నరికినట్లు కొట్టి పడగొట్టే జపాన్‌వాడు. ఇదే మూస ‘టైగర్ మాస్క్’ (1968) వంటి మాంగాల్లోకి నేరుగా దిగింది.

తరువాత 1979లో వచ్చిన ‘కిన్నికుమన్’ ఆ మూసను తిరగేసింది. టెక్సస్ నుంచి వచ్చిన టెర్రీమన్ మొదట్లో డబ్బు కోసమే పోరాడే గర్విష్ఠి. కొద్ది కాలంలోనే కథానాయకుడికి ప్రాణమిత్రుడయ్యాడు. ఆ పేరు టెక్సస్ మల్లుడు టెర్రీ ఫంక్ మీద అభిమానంతో పెట్టినదే. వెక్కిరింతగా మొదలై అభిమానంగా మారిన పాత్ర ఇది.

5. పాతకాగితం

కుస్తీగోదా గారూ, మీ వాదాన్ని కాదనడం లేదు, ఒక సవరణ మాత్రం చెప్పాలి. షార్ప్ సోదరులు అమెరికావారు కారు, కెనడాలోని హామిల్టన్ వారు. ఇంకొక సంగతి, జపాన్ పౌరుషానికి ప్రతీకగా జనం నెత్తిన పెట్టుకున్న రికిదోజాన్ పుట్టింది కొరియాలో, ఆ విషయాన్ని ఆ రోజుల్లో దాచి ఉంచారు. అంటే నాటి కూడళ్లలో జనం చూసిన ‘అమెరికా మీద జపాన్ విజయం’లో నిజానికి ఒక కొరియావాడు ఇద్దరు కెనడావారితో తలపడ్డాడు.

సరదాకి చెప్పడం లేదు. అమెరికావాడు అనేది అక్కడ పౌరసత్వం కాదు, ఒక వేషం. మన వీధి నాటకంలో రాక్షస వేషానికి ఎవరి ఊరు ఏదని అడగనట్లే, ఆ వేషాన్ని ఎవరు కట్టినా సరిపోయింది.

6. కొండగాలి

యొకొహామాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. వేషం అన్న మాట బాగుంది కానీ, అన్నింటినీ వేషం కింద కట్టేస్తే ఒక అన్యాయం జరుగుతుందని నా భయం. మూస వేరు, ఫిర్యాదు వేరు.

కేజి నాకజావా 1939లో హిరోషిమాలో పుట్టాడు. ఆరేళ్ల వయసులో అణుబాంబు కింద తండ్రిని, అక్కను, తమ్ముడిని పోగొట్టుకున్నాడు. 1966లో తల్లి మరణించినప్పుడు దహనం తరువాత ఏరుకోవడానికి ఎముకలు కూడా మిగలలేదు. అస్థికలు ఏరడం అంత్యక్రియల్లో ఎంత ముఖ్యమో తెలుగువారికి వివరించనక్కరలేదు. 1973లో అతను మొదలుపెట్టిన ‘హదాషి నో గెన్’ అనే మాంగాలో అమెరికా సైనికులు, అణుబాంబు బాధితులను పరిశీలించే అమెరికా సంస్థ ఏ.బి.సి.సి. ఎంత చేదుగా కనిపిస్తారో చదివినవారికి తెలుసు. ఆ సంస్థ బాధితులను పరీక్షించింది, రక్తం తీసుకుంది, కొలతలు రాసుకుంది, చికిత్స మాత్రం చేయలేదు. ఇది ఊహించి గీసిన ముక్కు కాదు, జరిగిన సంగతి. అదే పుస్తకంలో నాకజావా తన చక్రవర్తినీ, యుద్ధాన్ని వ్యతిరేకించిన తండ్రిని వేధించిన ఇరుగుపొరుగునూ అంతకంటే ఎక్కువగా దులిపివేశాడు. అందువల్లే ఆ పుస్తకం మీద సొంత దేశంలోనే పేచీలు వచ్చాయి. 2023లో హిరోషిమా విద్యాశాఖ దాన్ని శాంతి పాఠాల నుంచి తొలగించింది.

దీనికి ఎదురుగా ఉన్న పద్ధతి కూడా గమనించండి. ఇసావో తకహాతా తీసిన ‘హొతారు నో హాకా’ (మిణుగురుల సమాధి, 1988) చిత్రంలో ఊళ్లను కాల్చే బి-29లు ఉన్నాయి, వాటిలో ఒక్క అమెరికా ముఖం లేదు. బాంబు వేసినవాడిని గీయకపోవడం దయ వల్లనో, ఆ కథకు అతను అవసరం లేకపోవడం వల్లనో గానీ, ఆ ఖాళీ నన్ను ఏ వెక్కిరింత కంటే ఎక్కువగా కలవరపెడుతుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ‘కొనో సెకాయ్ నో కతాసుమి ని’లోని దృశ్యం. యుద్ధం ముగిసి, కురె పట్టణంలో కథానాయిక సుజు తన ఆడపడుచుతో కలిసి వరుసలో నిలబడుతుంది. దొరికేది అమెరికా సైనికుల వంటశాలలో మిగిలిపోయినవన్నీ కలిపి ఉడికించిన కూడు. గిన్నెలో సిగరెట్ పెట్టె కాగితం కూడా తేలుతూ ఉంటుంది. ఇద్దరూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రుచికి నోట మాట రాక నిలబడిపోతారు. పాతకాగితం గారు చెప్పిన చాక్లెట్ అక్కడ గిన్నెలో తేలుతోంది.

7. ఉక్కుబొమ్మ

కొండగాలి గారి విభజన నాకు నచ్చింది. దానికి మూడోదాన్ని జోడిస్తాను. అమెరికావాడిని గీయడం వేరు, అమెరికా ప్రభుత్వాన్ని గీయడం వేరు.

2003లో ఇరాక్ యుద్ధం మొదలైన తరువాత వచ్చిన రచనలను వరుసగా చదివితే ఈ తేడా స్పష్టమవుతుంది. నవొకి ఉరసావా ‘ప్లూటో’ అదే ఏడాది మొదలైంది. అందులో త్రేసియా సంయుక్త రాష్ట్రాలు అనే అగ్రరాజ్యం, పర్షియా రాజ్యం సామూహిక విధ్వంస రోబోలను దాచిపెట్టిందని ఆరోపిస్తుంది, పరిశీలక బృందాన్ని పంపుతుంది, ఏమీ దొరకకపోయినా యుద్ధం చేస్తుంది. దేశాధ్యక్షుడి వెనుక ఉండి అతన్ని ఆడించేది ఒక ఎలుగుబంటి బొమ్మ. అంతకంటే పరోక్షంగా చెప్పలేరా అని అడిగితే, చెప్పగలరు. 2006 నాటి ‘కోడ్ గియాస్’లో జపాన్‌ను జయించే బ్రిటానియా సామ్రాజ్యానికి పేరు, రాజవంశం, వేషభాషలు ఇంగ్లండ్‌వే అయినా రాజధాని ఉన్నది ఉత్తర అమెరికా ఖండంలో. ఓడిన దేశం పేరును తీసేసి ‘ఏరియా 11’ అనే సంఖ్య తగిలిస్తారు, జనాన్ని ‘ఎలెవెన్లు’ అంటారు.

అయినా వీటన్నింటిలో నాకు నచ్చే ప్రతినాయకుడు హిరోహికో అరాకి సృష్టించిన ఫన్నీ వాలెంటైన్. ‘స్టీల్ బాల్ రన్’ కథ 1890 నాటి అమెరికాలో, ఖండాన్ని దాటే గుర్రపు పందెం చుట్టూ నడుస్తుంది. వాలెంటైన్ ఆ దేశానికి 23వ అధ్యక్షుడు. అతను తాగుబోతు నావికుడు కాదు, బర్గర్ తినే వాగుడుకాయ కాదు. తన దేశం బాగుండాలనే కోరికలో రవ్వంత కల్తీ లేదు. తన దేశానికి రావలసిన దురదృష్టాన్ని మరొక దేశం మీదికి మళ్లించే శక్తి చేతికి వస్తే దాన్ని వాడడమే ధర్మమని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. చదువుతున్నంతసేపూ అతని తర్కాన్ని ఖండించడానికి మనం వెతుక్కోవలసి వస్తుంది. అమెరికా మీద జపాన్ మాంగాలో వచ్చిన అతి కఠినమైన విమర్శ ఇదేనని నా అభిప్రాయం. ఇందులో ముక్కు ప్రసక్తే లేదు.

8. గురివింద

అందరూ జపాన్ పక్షాన నిలబడి మాట్లాడుతున్నారు కనుక నేను రెండో వైపు కూర్చుంటాను.

కొండగాలి గారు నాకజావాను ఉదాహరించారు. అతను తన దేశాన్ని కూడా నిలదీశాడు కనుక అతని చేదుకు విలువ ఉంది. అందరూ అలా చేయలేదు. జపాన్ స్వయంరక్షణ దళంలో పనిచేసిన రచయిత రాసిన ‘గేట్’ (అనిమే 2015) చూడండి. టోక్యో నడిబొడ్డున మరో లోకానికి ద్వారం తెరుచుకుంటే అమెరికా, చైనా, రష్యాలు కాకుల్లా చుట్టుముడతాయి, మూడు దేశాల గూఢచారులూ వేడినీటి బుగ్గల విడిదిలో ఆ మరో లోకం నుంచి జపాన్‌కు వచ్చిన అతిథులను ఎత్తుకుపోవడానికి వచ్చి ఒకరినొకరు కాల్చుకుంటారు. లోకమంతా దురాశపరులు, జపాన్ సైనికుడు ఒక్కడే సౌమ్యుడు. చైనాలో, కొరియాలో, ఫిలిప్పీన్స్‌లో ఒకప్పుడు అదే దేశపు సైన్యం ఏం చేసిందో ఆ కథను బట్టి ఊహించడం అసాధ్యం. ‘కోడ్ గియాస్’ గురించి కూడా నాకు ఇదే గుర్రు. పేరు లాగేసుకుని, భాష మార్పించి, సొంత దేశంలో రెండో తరగతి పౌరులుగా చేయడం కొరియావారికి జరిగింది, చేసినది జపాన్. ఆ అనుభవాన్ని అరువు తెచ్చుకుని తానే తొడుక్కోవడం నాకు అంత సులువుగా మింగుడుపడదు.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1985లో డాలరుతో పోలిస్తే యెన్ విలువ పెంచిన ప్లాజా ఒప్పందం, 1987లో అమెరికా చట్టసభ సభ్యులు కొందరు తమ భవనం ముందు పచ్చికలో తోషిబా రేడియోను సుత్తెలతో పగలగొట్టిన దృశ్యం, 1989లో ‘కాదు అనగల జపాన్’ అనే పుస్తకం. సరిగ్గా ఆ నడుమ, 1988లో, కైజి కవగూచి ‘చిమ్మొకు నో కాంతాయ్’ మొదలైంది. అమెరికా నౌకాదళంలో చేరవలసిన అణు జలాంతర్గామిని జపాన్ కెప్టెన్ ఎత్తుకుపోయి దాన్నే స్వతంత్ర దేశంగా ప్రకటిస్తాడు. అమెరికా అడ్మిరల్‌లు ఒకరి తరువాత ఒకరు ఓడిపోవడానికే పుట్టినట్లు ఉంటారు. వంట గురించిన ‘ఒయిషింబో’ కూడా బియ్యం దిగుమతి గొడవలో అమెరికా సెనేటర్‌ను బోనెక్కించింది. వ్యాపారంలో గెలుస్తున్న రోజుల్లో గీసిన అమెరికావాడికీ, ఆకలి రోజుల్లో గీసిన అమెరికావాడికీ పోలిక లేదు.

మనం కూడా ఒక్క క్షణం అద్దంలో చూసుకోవాలి. 2022 అక్టోబరులో ‘ఆర్‌ఆర్‌ఆర్’ జపాన్‌లో విడుదలై అఖండ విజయం సాధించినప్పుడు, అందులోని గవర్నర్ స్కాట్ దంపతుల చిత్రణ న్యాయమైనదా అని మన ఇళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చప్పట్లు కొట్టాను.

9. ఎడారిపూలు

నేను టెక్సస్‌లో ఉంటాను. మా అబ్బాయి సోఫా మీద నుంచి దూకేటప్పుడల్లా ‘టెక్సస్ స్మాష్’ అని అరుస్తాడు. అది ‘మై హీరో అకాడెమియా’లో ఆల్ మైట్ దెబ్బ పేరు. డెట్రాయిట్ పేరుతో మరొకటి ఉంది. ఆ పాత్ర మిగతావారికి భిన్నంగా, లోతైన నల్లని నీడలతో, పాత అమెరికా కామిక్ పుస్తకంలోంచి కత్తిరించి అతికించినట్లు గీసి ఉంటుంది, అయినా అతను జపాన్‌వాడే. కండలు, చిరునవ్వు, బిగ్గరగా నవ్వడం, మీరు మొదటి టపాలో రాసిన లక్షణాలు చాలావరకు అతనిలో ఉన్నాయి. అవే లక్షణాలు ఇక్కడ ఆరాధనగా మారాయి. ఇక్కడి పిల్లలు ఈ మూసలకు నొచ్చుకోవడం నేను చూడలేదు. 1994 నాటి ‘జి గుండం’లో అమెరికా తరఫున వచ్చే చిబొడీ క్రాకెట్ మరయంత్రానికి బాక్సింగ్ తొడుగులు, తుపాకులు, సర్ఫింగ్ పలక అన్నీ ఉంటాయి, అతన్ని మా ఊళ్లో పెద్దవాళ్లు కూడా ముద్దు చేస్తారు. బలవంతుడిని ఎగతాళి చేస్తే అతనికి పెద్దగా పోయేదేమీ లేదు.

అదే ధారావాహికలో మన దేశం తరఫున వచ్చే మరయంత్రం ఏమిటో తెలుసా? నాగుపాము. అది చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు అంత తేలికగా రాలేదు.

అమెరికావారిలో కూడా ఎవరిని గీస్తున్నారన్నది ముఖ్యం. నల్లజాతివారిని లావు పెదవులతో గీసే అలవాటు జపాన్‌లో చాలాకాలం సాగింది. 1988 ప్రాంతంలో దాని మీద నిరసనలు గట్టిగా వినిపించిన తరువాతే ప్రచురణకర్తలు జాగ్రత్తపడ్డారు, తెజుకా పాత పుస్తకాలకు వివరణలు చేర్చారు. ఆసక్తికరమైన మినహాయింపు అమెరికన్ ఫుట్‌బాల్ మాంగా ‘ఐషీల్డ్ 21’. అందులో నాసా ఏలియన్స్ జట్టు శిక్షకుడు అపోలో శ్వేతజాతి దురహంకారి, తన జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే నల్లజాతి కుర్రవాడు పాంథర్‌ను ఆటలోకే దించడు. ఇక్కడ మూసగా గీసినది అమెరికావాడినే, కానీ బాణం నేరుగా అమెరికా లోపలి గాయానికి తగిలింది. పైగా ఆ మ్యాచ్ తరువాత జపాన్ కుర్రాళ్లు గట్టిపడడానికి ఎక్కడికి వెళ్లారు? టెక్సస్ నుంచి లాస్ వేగస్ దాకా రెండు వేల కిలోమీటర్లు పరుగెత్తడానికి. వెక్కిరించేదీ అమెరికానే, గురుకులమూ అమెరికానే.

10. కుస్తీగోదా

షార్ప్ సోదరుల విషయంలో పాతకాగితం గారి సవరణకు కృతజ్ఞతలు. ముప్పై ఏళ్లుగా తప్పుగా చెప్పుకొంటూ వచ్చాను. ఎడారిపూలు గారు చెప్పిన దానికి బాక్సింగ్ నుంచి ఒక జత అందిస్తాను. ‘హాజిమే నో ఇప్పో’లో బ్రయాన్ హాక్ అనే అమెరికా ఛాంపియన్ జపాన్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి నోటికి వచ్చినట్లు తూలనాడే నీచుడు. జపాన్ బాక్సర్ తకామురా అతన్ని ఓడించిన తరువాత, మరో బరువు తరగతిలో ఎదురయ్యే అమెరికా ఛాంపియన్ డేవిడ్ ఈగిల్ మాత్రం మచ్చలేని మర్యాదస్తుడు, ప్రత్యర్థి కంటికి గాయమైతే దాని మీద కొట్టాలా వద్దా అని మథనపడేంతటివాడు. ఒకే రచయిత, ఒకే దేశం. హాక్ మ్యాచ్‌కు గొంతు పోయేలా అరిచిన నేను, ఈగిల్ మ్యాచ్‌లో ఎవరు గెలవాలో తేల్చుకోలేకపోయాను.

11. పొన్నచెట్టు

అందరికీ ధన్యవాదాలు. గురివింద గారి టపా చదివాక ‘కోడ్ గియాస్’ను మళ్లీ మొదటి నుంచి చూడాలనిపిస్తోంది, అంత నిశ్చింతగా చూడగలనో లేదో మరి. నేను అడిగిన ప్రశ్నకు చాక్లెట్ దగ్గర ఒక జవాబు దొరికింది, నాగుపాము దగ్గర మరో ప్రశ్న మొదలైంది.

ముక్కుతో మొదలుపెట్టాను కనుక ముక్కు గురించే ఒక మాట. షొతారో ఇషినొమొరి 1964లో ‘సైబోర్గ్ 009’ మొదలుపెట్టినప్పుడు యంత్రభాగాలు అమర్చిన తొమ్మిదిమంది మనుషుల్లో 002 సంఖ్య గల జెట్ లింక్‌ను న్యూయార్క్ వీధి ముఠా కుర్రవాడిగా గీశాడు. తొందరపాటు మనిషి, నోటి దురుసు, ముఖం మీద గద్ద ముక్కులా పొడుచుకు వచ్చిన ముక్కు. పాతకాగితం గారు చెప్పిన తెంగును అతని పక్కన నిలబెడితే అన్నదమ్ములంటారు. అయినా అంతరిక్షంలో చిక్కుకుపోయిన కథానాయకుడిని కాపాడడానికి ఆకాశంలోకి ఎగిరి, అతనితో పాటు కాలిపోతూ ఉల్కలా రాలడానికి సిద్ధపడినవాడు ఆ ముక్కువాడే.

అదే కథను 2012లో కెంజి కమియామా ‘009 రీ: సైబోర్గ్’ పేరుతో కొత్తగా తీశాడు. బొమ్మలన్నీ నిజమైన మనుషుల కొలతలకు దగ్గరగా మార్చారు, జెట్ ముక్కును కూడా తగ్గించి చక్కగా తీర్చిదిద్దారు. ముఠా కుర్రవాడి వేషం కూడా పోయింది. మిత్రులతో విభేదించి దూరమైన జెట్ ఇప్పుడు అమెరికా జాతీయ భద్రతా సంస్థ తరఫున పనిచేస్తున్నాడు.